హెచ్‌ఐవీ తగ్గిందని సంఘాలను సాగనంపుదామా?

ఏటా డిసెంబరు 1న ఎర్ర రిబ్బన్లు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు అయిపోగానే ఒక ప్రశ్న మళ్లీ ముందుకొస్తోంది. హెచ్‌ఐవీ తగ్గుముఖం పట్టింది. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా వచ్చాయి. ఇంకా సెక్స్‌ వర్కర్లు, హిజ్రాలు, వలస కూలీల మధ్య తిరిగే చిన్న చిన్న స్వచ్ఛంద సంఘాల మీద ప్రజాధనం ఖర్చు పెట్టడం దేనికి? ఆ పనేదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అప్పగిస్తే సరిపోదా? ఇలా అడిగేవాళ్లంతా బాధితుల మీద చిన్నచూపు ఉన్నవాళ్లేమీ కారు. ప్రతి రూపాయికీ లెక్క చెప్పాల్సిన కాలంలో ఇది అడగదగిన ప్రశ్నే. అయితే జవాబు జాతీయ సగటుల్లో దొరకదు. రాజన్న సిరిసిల్ల జిల్లా చందుర్తి లాంటి మండలంలో ఒక మనిషి పరీక్ష దాకా, మందు దాకా, ఆ మందును ఏళ్ల తరబడి ఆపకుండా మింగేదాకా ఎలా చేరుకుంటాడో గమనిస్తే దొరుకుతుంది.

ముందు అంకెలు చూద్దాం. జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ సంస్థ (నాకో) 2023 అంచనాల ప్రకారం దేశంలో 25.44 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పెద్దల్లో వ్యాప్తి 0.20 శాతం. 2010తో పోలిస్తే కొత్త ఇన్ఫెక్షన్లు 44 శాతం, ఎయిడ్స్‌ మరణాలు 79 శాతం తగ్గాయి. ఇది చిన్న విజయం కాదు. కానీ అవే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌ 0.62 శాతంతో, తెలంగాణ 0.44 శాతంతో మిజోరం, నాగాలాండ్‌, మణిపూర్‌ల వెనుకనే ఉన్నాయి. ఈశాన్యాన్ని పక్కనపెడితే వ్యాప్తి శాతం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. ఉమ్మడి రాష్ట్రంలో 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన 0.97 శాతంతో పోలిస్తే చాలా దూరం వచ్చాం, నిజమే. శాతం ఇంకా కిందికి దిగకపోవడానికి ఒక మంచి కారణమూ ఉంది: 2004 ఏప్రిల్‌ 1న మొదలైన ఉచిత ఏఆర్‌టీ చికిత్స వల్ల, లేకుంటే ఎప్పుడో పోవాల్సినవాళ్లు బతికి బట్టకట్టి పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. చెడ్డ కారణం, దేశంలో ఏటా 68 వేల మందికి పైగా కొత్తగా ఈ వైరస్‌ సోకుతూనే ఉండటం.

ఆ కొత్త కేసులు జనమంతటా సమానంగా లేవు. నాకో నిఘా సర్వేలో సెక్స్‌ వర్కర్లలో 1.85 శాతం, హిజ్రా-ట్రాన్స్‌జెండర్లలో 3.78 శాతం వ్యాప్తి కనిపించింది. జాతీయ సగటుకు ఒకటి తొమ్మిది రెట్లు, మరొకటి దాదాపు పందొమ్మిది రెట్లు. సగటు తగ్గేకొద్దీ మిగిలిన వ్యాధి ఆసుపత్రి గడప తొక్కడానికి జంకే మనుషుల దగ్గర పోగుపడుతుంది. అంటే తొలినాళ్లలో అందరికీ చెప్పే ప్రచారంతో సాధించిన ఫలితాన్ని చివరి దశలో అదే పద్ధతిలో సాధించలేం. తెలుగునాట ఓ తరానికి హెచ్‌ఐవీ అనగానే గుర్తొచ్చేది ‘పులిరాజాకు ఎయిడ్స్‌ వస్తుందా?’ అన్న హోర్డింగే. ఊరూవాడా మాట్లాడుకునేలా చేసిన ప్రచారం అది. ఇప్పుడు మిగిలిన పని అంత బహిరంగంగా జరిగేది కాదు, ఒక్కో మనిషి దగ్గరికీ వెళ్లి చేయాల్సింది.

చందుర్తి నుంచి చూస్తే

పాత కరీంనగర్‌ జిల్లా బతుకుదెరువును బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటల్లో చెప్పేవారు. 2016 అక్టోబరు 11న జిల్లా ముక్కలైంది గానీ వలస దారులు మూతపడలేదు. ఇటు వేములవాడకు, అటు కోరుట్లకు మధ్య ఉన్న చందుర్తి, దాని నుంచి విడిపోయిన రుద్రంగి, పక్కనే జగిత్యాల జిల్లాలోకి వెళ్లిన కథలాపూర్‌ గల్ఫ్‌ వలసకు పేరుపడ్డ పల్లెలు. సిరిసిల్లలో సాంచెలు ఆగినప్పుడల్లా నేత కార్మికులు భివండీ బాట పట్టడం పాత కథే. మగవాళ్లు ఏళ్ల తరబడి బయట ఉంటే ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం ఈదుతారు. ఒంటరితనం, చేతిలో కొద్దిపాటి డబ్బు, తెలియని ఊరు కలిసినచోట ముప్పు పెరుగుతుందన్నది లారీ డ్రైవర్ల నుంచి గని కార్మికుల దాకా ప్రపంచమంతటా రుజువైన సంగతి. ఇది చందుర్తి మీద వేసే ముద్ర కాదు. వలస మీద బతికే ఏ మండలానికైనా వర్తించే లెక్క.

గల్ఫ్‌ దారిలో ఇంకో చిక్కుంది. వీసాకు ముందు అక్కడి దేశాలు గుర్తించిన వైద్య కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. పాజిటివ్‌ అయితే ‘అన్‌ఫిట్‌’ అన్న ఒక్క మాటతో పాస్‌పోర్టు చేతిలో పెడతారు. అక్కడికి వెళ్లాక బయటపడితే తిప్పి పంపేస్తారు. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతు చేయకూడదని 2017 నాటి మన హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. విదేశీ యజమాని కోసం ఇక్కడే జరిగే పరీక్షను మాత్రం ఆ రక్షణ తాకడం లేదు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన యువకుడు ఆ కాగితం పట్టుకుని ఊరికి వస్తే, ఎందుకు పోలేదో చెప్పలేడు, మందుల కేంద్రానికీ పోడు. ఇక ఇంటి దగ్గర భార్యకు ఈ సంగతి తెలిసేది చాలాసార్లు గర్భిణి పరీక్షల్లోనే. భర్త కంటే ముందు ఆమె రక్తంలో బయటపడుతుంది కాబట్టి అత్తింటి నింద కూడా ముందు ఆమె నెత్తిమీదే పడుతుంది. ఆమె తరఫున ఆ ఇంటికి వెళ్లి, భర్తను కూర్చోబెట్టి మాట్లాడి, ఇద్దరినీ చికిత్సకు తీసుకెళ్లే పని ఏ ఉద్యోగి జాబ్‌చార్టులోనూ ఇమడదు.

ఇదే ప్రాంతంలో వేములవాడ రాజన్న క్షేత్రం ఉంది. శ్రీరామనవమి నాడు అక్కడి కల్యాణానికి హిజ్రాలు, జోగినులు పెద్దసంఖ్యలో తరలివచ్చి, తలపై అక్షతలు చల్లుకుని తమను శివుడి పెళ్లికూతుళ్లుగా భావించుకునే ఆచారం ఏళ్ల నాటిది. జోగిని ఆచారాన్ని ఉమ్మడి రాష్ట్రం 1988లోనే చట్టంతో నిషేధించినా, అందులోంచి బయటపడ్డ స్త్రీల పేదరికం, ఒంటరితనం చట్టంతో పోలేదు. ఏడాదికోసారి ఇలా ఒక్కచోట చేరేవాళ్లు మిగతా రోజుల్లో ఊళ్లూ పట్టణాలూ పంచుకుని ఉంటారు. వీళ్ల దగ్గరికి ఎవరు వెళ్లగలరు? తెల్లకోటు వేసుకున్నవాళ్లకంటే వాళ్లలోనే ఒకరు సులువుగా వెళ్లగలరు. సంఘాలు నడిపే ‘పీర్‌’ల వ్యవస్థకు ఆధారం ఇదే. ఒక సెక్స్‌ వర్కర్‌ మరో సెక్స్‌ వర్కర్‌కు, ఒక హిజ్రా తన గురువు ఇంట్లోని చేలాలకు కండోమ్‌ ఇచ్చి, పరీక్షకు తోడు వెళ్లి, ఫలితం వచ్చిన రోజు పక్కన కూర్చోవడం.

మందు సీసా చప్పుడు

ఏఆర్‌టీ కేంద్రంలో నెలకు సరిపడా ముప్పై మాత్రలు ప్లాస్టిక్‌ సీసాలో ఇస్తారు. సంచిలో వేసుకుంటే గలగలమంటుంది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు అదేమిటని అడుగుతారేమోనని చాలామంది ఆసుపత్రి గేటు దాటకముందే లేబుల్‌ చింపేస్తారు, మాత్రలను కాగితంలో పొట్లం కట్టుకుంటారు, సీసాను దారిలో పారేస్తారు. తేమ తగిలితే మాత్ర పాడవుతుందని తెలిసినా సరే. చందుర్తి నుంచి కరీంనగర్‌ ఏఆర్‌టీ కేంద్రానికి వేములవాడ మీదుగా యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఒక రోజు కూలి, బస్సు ఖర్చు పోతాయి. అయినా దగ్గర్లోని కేంద్రంలో తెలిసినవాళ్లు కనబడతారని పనిగట్టుకుని ఇంకో జిల్లాకు వెళ్లి మందు తెచ్చుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. దూరం తగ్గిస్తే హాజరు పెరుగుతుందన్న మామూలు ఆరోగ్య ప్రణాళిక సూత్రం ఇక్కడ సగమే పనిచేస్తుంది. మిగతా సగం గోప్యత.

అందుకే ‘ఆశా కార్యకర్తకు అప్పగిస్తే పోతుంది కదా’ అన్న సలహా వినడానికి బాగున్నా ఆచరణలో బెడిసికొడుతుంది. గర్భిణులకు, పసిపిల్లల టీకాలకు ఆశా కార్యకర్త ఊరి మనిషి కావడమే పెద్ద బలం. హెచ్‌ఐవీ విషయంలో అదే బలహీనత అవుతుంది. ఆమె ఒక ఇంటికి నెలనెలా ఎందుకు వెళ్తోందో వాడంతా చూస్తుంది. రహస్యం కాపాడాలన్న చిత్తశుద్ధి ఆమెకు ఎంత ఉన్నా ఊరు ఊహించడం మానదు. పింఛను సంగతీ అంతే. తెలంగాణ ప్రభుత్వం ఆసరా కింద హెచ్‌ఐవీ బాధితులకు నెలకు రూ.2,016 ఇవ్వడం ఎన్నో రాష్ట్రాల కంటే ఉదారమైన పని. కానీ ముప్పై అయిదేళ్ల మగవాడు, వృద్ధుడు కాదు, వికలాంగుడు కాదు, నేత కార్మికుడు కాదు, పోస్టాఫీసు దగ్గర పింఛను వరుసలో నిలబడితే పక్కవాళ్లు ఏమని లెక్కగడతారు? ఈ భయంతోనే హక్కుగా రావాల్సిన డబ్బును వదులుకునేవాళ్లుంటారు. సంఘాల కార్యకర్తలు ఖాతాలో నేరుగా పడేలా దరఖాస్తు మార్పించడం, ఊరికి దూరంగా ఉన్న కేంద్రంలో డబ్బు తీసుకునేలా చూడటం లాంటి చిన్న చిన్న పనులతోనే ఈ ముళ్లు విప్పుతుంటారు.

ఎలా మొదలైంది, ఏం సాధించింది

దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది 1986లో, చెన్నైలో సెక్స్‌ వర్కర్ల రక్త నమూనాల్లో. 1992లో నాకో ఏర్పడింది. అదే ఏడాది కోల్‌కతా సోనాగాచీలో డాక్టర్‌ స్మరజిత్‌ జానా మొదలుపెట్టిన ప్రాజెక్టు ఆలోచనను తిరగేసింది. సెక్స్‌ వర్కర్లను రోగవాహకులుగా చూడకుండా తమ వృత్తిలో భద్రత కోరుకునే శ్రామికులుగా చూసింది. వాళ్లే 1995లో దుర్బార్‌ మహిళా సమన్వయ కమిటీగా సంఘటితమయ్యారు. ‘కండోమ్‌ లేకుంటే కుదరదు’ అని ఒక్క స్త్రీ చెబితే విటుడు పక్కింటికి పోతాడు. అందరూ కలిసి చెబితే పోవడానికి వేరే చోటు ఉండదు. సంఘం అవసరం ఆరోగ్యశాస్త్రానికి అర్థమైంది అక్కడే. నాకో ఆ పాఠాన్ని ‘టీఐ’లు, అంటే లక్షిత జోక్య ప్రాజెక్టుల పేరుతో దేశమంతటికీ విస్తరించింది. ప్రభుత్వం డబ్బిచ్చి స్వచ్ఛంద సంస్థల చేత సేవ చేయించుకునే ఈ పద్ధతిని ఇవాళ ఇతర దేశాలు నమూనాగా చూస్తున్నాయి.

తెలుగునాట ఈ పనికి ఊపు వచ్చింది 2003 తర్వాత. గేట్స్‌ ఫౌండేషన్‌ ఆరు రాష్ట్రాల్లో చేపట్టిన ‘ఆవాహన్‌’లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. 2003-08 మధ్య ఆవాహన్‌ దాదాపు లక్ష ఇన్ఫెక్షన్లను నివారించిందని 2011లో లాన్సెట్‌ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా కట్టింది. తర్వాత ఆ ప్రాజెక్టులను ప్రభుత్వం దశలవారీగా తన చేతిలోకి తీసుకుంది. పల్లెల కోసం లింక్‌ వర్కర్ల పథకం వచ్చింది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు తామే నెట్‌వర్కులుగా ఏర్పడి చికిత్స మానేసినవాళ్లను వెతికి తెచ్చే పనిని భుజాన వేసుకున్నారు. కరోనా కాలంలో ఈ అల్లిక విలువ ఇంకా స్పష్టమైంది. బస్సులు ఆగిపోయినప్పుడు మందులు ఇళ్లకు చేర్చిన చేతుల్లో సంఘాలవే ముందున్నాయి. గుర్తింపు పత్రాలు అడగకుండా సెక్స్‌ వర్కర్లకు రేషన్‌ ఇవ్వాలని 2020 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు రాష్ట్రాలకు ఆధారమైంది నాకో గుర్తింపే. ఆ గుర్తింపు వెనుక ఉన్నది ఏళ్ల తరబడి సంఘాలు నమ్మకంతో కూడబెట్టుకున్న పరిచయం.

అభ్యంతరాల్లో పస ఎంత?

సంఘాల మీద వచ్చే విమర్శలు నాలుగు రకాలు. మొదటిది, ఒక్క వ్యాధికి విడి వ్యవస్థ ఎందుకన్నది. ఇందులో బలముంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇవాళ క్షయ, మధుమేహం, రక్తపోటు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ పరీక్షలు కూడా కావాలి. ఇవన్నీ మామూలు ఆసుపత్రిలోనే దొరకాలి. వైద్యాన్ని కలపాల్సిందే, సందేహం లేదు. కానీ వైద్యం దాకా మనిషిని తెచ్చే పనిని కూడా అందులో కలిపేస్తే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. రెండోది, లెక్కాపత్రాల గురించి. జాబితాల్లో పేర్లు ఉండి మనుషులు లేకపోవడం, పంచిన కండోమ్‌ల సంఖ్య కాగితాల మీద ఉబ్బిపోవడం ఈ రంగానికి తెలియని రోగాలు కావు. పనితీరు బాగాలేని ప్రాజెక్టులను మదింపు తర్వాత ఆపేసే పద్ధతి నాకోలో ఉంది. దాన్ని ఇంకా గట్టిగా అమలు చేయాలి. బడిలో దొంగ హాజరు వేశారని బడినే మూసేయం కదా.

మూడోది నైతిక అభ్యంతరం: సెక్స్‌ వర్కర్లకు కండోమ్‌లు ఇవ్వడమంటే ఆ వృత్తిని ప్రోత్సహించడమేనని. రాజ్యాంగం దీనికి జవాబు చెప్పింది. సెక్స్‌ వర్కర్లకూ గౌరవంగా బతికే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 మే 19 ఉత్తర్వుల్లో తేల్చిచెప్పింది. ముప్పును తగ్గించే పనులను నేరంగా చూడకూడదని హెచ్‌ఐవీ చట్టమే రక్షణ ఇచ్చింది. వ్యాధిశాస్త్రం చెప్పే జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. విటుడి ద్వారా అతని భార్యకు, ఆమె ద్వారా బిడ్డకు పోయే దారి అక్కడే తెగాలి.

నాలుగోది, ఈ తంటా అంతా లేకుండా పెళ్లికి ముందు అందరికీ పరీక్ష తప్పనిసరి చేయమన్న డిమాండ్‌. తెలుగునాట ఏదో ఒక మూల అప్పుడప్పుడూ వినిపించే ఈ మాటను 2025లో మేఘాలయ ప్రభుత్వం గట్టిగా ముందుకు తెచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్‌ రాష్ట్రం 1988లో ఇలాంటి చట్టాన్నే అమలు చేసి చూసింది. మొదటి ఆరు నెలల్లో పరీక్షించిన 70 వేల మందికి పైగా దరఖాస్తుదారుల్లో పాజిటివ్‌గా తేలింది ఎనిమిది మంది. ఒక్కో కేసును కనుక్కోవడానికి అయిన ఖర్చు మూడు లక్షల డాలర్లు దాటింది. జంటలు పక్క రాష్ట్రాలకు వెళ్లి పెళ్లి చేసుకోవడం మొదలుపెట్టాయి. 1989లోనే చట్టాన్ని రద్దు చేశారు. మన దగ్గర అయితే పక్క రాష్ట్రానికి పోనక్కర్లేదు, ఓ నెగటివ్‌ రిపోర్టు కొనుక్కుంటే చాలు. పైగా ఒకసారి చేసిన పరీక్ష పెళ్లి తర్వాత వలసపోయే భర్త గురించి ఏమీ చెప్పదు.

ఇతర దేశాల పాఠాలు

థాయిలాండ్‌ 1989లో రాచబురి రాష్ట్రంలో మొదలుపెట్టి 1991 నుంచి దేశమంతటా ‘నూరు శాతం కండోమ్‌’ విధానాన్ని అమలు చేసింది. ఏటా సుమారు 1.4 లక్షలుగా ఉన్న కొత్త ఇన్ఫెక్షన్లు 2003 నాటికి 20 వేల దరిదాపులకు దిగాయి. కానీ 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత నివారణకు నిధులు తగ్గించారు, పురుషులతో సంబంధాలున్న పురుషుల మీద శ్రద్ధ పెట్టనేలేదు. బ్యాంకాక్‌లో ఆ వర్గంలో వ్యాప్తి 2003లో 17 శాతం ఉంటే 2005కల్లా 28 శాతానికి ఎగబాకింది. విజయం చూసి చేయి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. థాయిలాండ్‌ తప్పు దిద్దుకున్న తీరు మనకు మరింత ముఖ్యం. ట్రాన్స్‌జెండర్ల కోసం 2015లో బ్యాంకాక్‌లో ‘టాంజరిన్‌’ క్లినిక్‌ వచ్చింది. శిక్షణ పొందిన సంఘ సభ్యులే పరీక్షలు చేసి సేవలు అందించడానికి 2019లో ప్రభుత్వం నిబంధనలు సవరించింది. వాళ్ల సేవలకు జాతీయ ఆరోగ్య భద్రత నిధి నుంచే డబ్బు చెల్లిస్తోంది. ఆసుపత్రికి చెల్లించినట్టే సంఘానికీ చెల్లించడం అక్కడి అసలు సంస్కరణ.

దానికి ఎదురు ఉదాహరణ రొమేనియా. 2010లో గ్లోబల్‌ ఫండ్‌ సాయం ముగిసినప్పుడు ఆ ఖాళీని ప్రభుత్వం పూరించలేదు. సూదులతో మత్తుమందు తీసుకునేవారికి సేవలందించే సంఘాలు మూతపడ్డాయి. రెండు మూడేళ్లలోనే ఆ వర్గంలో హెచ్‌ఐవీ భగ్గుమంది. బ్రెజిల్‌ ఇంకో దారి చూపింది. సెక్స్‌ వర్క్‌ను ఖండిస్తూ ప్రమాణం చేస్తేనే డబ్బిస్తామని అమెరికా షరతు పెడితే, 2005లో సుమారు నాలుగు కోట్ల డాలర్ల సాయాన్ని వద్దని సొంత డబ్బుతో సంఘాలను నిలబెట్టుకుంది. వలస విషయంలో ఫిలిప్పీన్స్‌ మనకంటే ముందుంది. విదేశాలకు వెళ్లే కార్మికులకు హెచ్‌ఐవీ అవగాహన ఇవ్వడాన్ని 1998 చట్టంలోనే తప్పనిసరి చేసింది. అయినా గత దశాబ్దంన్నరలో అక్కడ కొత్త కేసులు, ముఖ్యంగా యువకుల్లో, వేగంగా పెరిగాయి. విమానం ఎక్కేముందు చెప్పే పాఠం అవసరమే గానీ, ఊళ్లో ముప్పు అంచున ఉన్నవాళ్లను చేరే సంఘాలు బలహీనంగా ఉంటే ఆ పాఠం ఒక్కటే కాపాడదు.

నిధుల ముప్పు

హెచ్‌ఐవీ మందుల ఖర్చు కేంద్రమే భరిస్తోంది. 2021-26 కాలానికి జాతీయ కార్యక్రమం ఐదో దశకు రూ.15,471.94 కోట్లు కేటాయించారు. దాని గడువు 2026 మార్చి 31. మాత్రకు ఢోకా లేదు గానీ, మాత్ర దాకా మనిషిని తెచ్చే సంఘం మాత్రం ఎప్పుడూ దినదినగండంగానే ఉంది. హైదరాబాద్‌ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్‌ క్లినిక్‌ దేశంలోనే ట్రాన్స్‌జెండర్ల కోసం పెట్టిన మొదటి సమగ్ర క్లినిక్‌. వైద్యులు, కౌన్సెలర్లు, సిబ్బందిలో ట్రాన్స్‌జెండర్లే ముందున్న ఆ చోటు 2025 ఆరంభంలో మూతపడింది. రోగులు రాక కాదు, పనితీరు బాగాలేక కాదు. అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది కాబట్టి. తర్వాత టాటా ట్రస్ట్స్‌ తోడ్పాటుతో సబ్‌రంగ్‌ పేరిట మళ్లీ తెరుచుకోవడం ఊరటే. కానీ హైదరాబాద్‌ నడిబొడ్డున ఉన్న, పత్రికలకెక్కిన క్లినిక్‌కు దొరికిన దాత కోరుట్లలోనో, చందుర్తిలోనో పనిచేసే సంఘానికి దొరకడు.

చిన్న సంఘాలకు మరో దెబ్బ 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం. ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని అది నిషేధించింది. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. పెద్ద సంస్థ నిధి తెచ్చి మండల స్థాయి సంఘాలకు పంచే పాత పద్ధతి దీంతో ఆగిపోయింది. పారదర్శకత కోసమే అయినా, సొంతంగా ఢిల్లీ దాకా దరఖాస్తు చేసుకునే శక్తి లేని పల్లె సంఘాలే నష్టపోయాయి. ఇక మిగిలింది ప్రభుత్వ ప్రాజెక్టులు. వాటి మంజూరుకు ఎంతమందిని చేరుకోవాలన్న లెక్కే కొలమానం. పట్టణంలో ఒక్క అడ్డాలో దొరికే సంఖ్య కోసం పల్లెల్లో పది మండలాలు తిరగాలి. పైగా ఇవాళ అడ్డాలే కరిగిపోయి, అన్నీ ఫోన్లలోకి మారాయి. ఇంతలో వైద్యం మరో మెట్టు ఎక్కింది. ఆరు నెలలకోసారి వేసుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనకపవిర్‌ సూదిమందుకు 2025లో అమెరికా ఆమోదం, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు లభించాయి. దాని జనరిక్‌ను 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి మనిషికి సుమారు 40 డాలర్లకే అందిస్తామని ప్రకటించిన రెండు కంపెనీలూ, హెటెరో, డాక్టర్‌ రెడ్డీస్‌, హైదరాబాద్‌వే. ప్రపంచానికి మందు తయారుచేసే రాష్ట్రంలో, ఆ మందు ఎవరికి కావాలో తెలిసిన సంఘాలు లేకుండా పోతే అంతకంటే విడ్డూరం ఉండదు.

చేయాల్సింది

తెలంగాణకు పునాది లేకపోలేదు. 2024 డిసెంబరులో 33 జిల్లాల్లో 33 ట్రాన్స్‌జెండర్‌ క్లినిక్‌లను ప్రారంభించింది. 2023 జులైలో రాష్ట్ర హైకోర్టు నిజాం కాలపు హిజ్రాల చట్టాన్ని కొట్టేసి, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని చెప్పింది. హైదరాబాద్‌ ఉస్మానియా ఆసుపత్రి ట్రాన్స్‌జెండర్‌ వైద్యులను తీసుకుని చూపించింది. ఇప్పుడు కావాల్సింది ఈ క్లినిక్‌లకు సంఘాలను జోడించడం. జగిత్యాల, సిరిసిల్ల క్లినిక్‌లలో కౌన్సెలర్‌, నావిగేటర్‌ పోస్టుల్లో సగమైనా ఆయా వర్గాల నుంచే నింపాలి. గది తెరిచి బోర్డు పెట్టినంత మాత్రాన వేములవాడ ఉత్సవానికి వచ్చే హిజ్రా సిరిసిల్ల ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడదు.

రెండోది, సంఘాలతో ఒప్పందాలు కనీసం మూడేళ్లకు ఉండాలి, నిధులు మూడు నెలలకోసారి ముందుగానే విడుదల కావాలి. జీతం నెలల తరబడి ఆగితే ఔట్‌రీచ్‌ వర్కర్‌ ఇంకో పని చూసుకుంటాడు, అతనితోపాటే అతనికి తెలిసిన వందమంది నమ్మకమూ పోతుంది. ఇందుకు కేంద్రం వైపు చూడటం కాకుండా రాష్ట్ర బడ్జెట్‌లో విడి పద్దు పెట్టాలి. జిల్లా సరిహద్దులను బట్టి కాకుండా వలస పట్టీని బట్టి ప్రాజెక్టును రూపొందించాలి. చందుర్తి, రుద్రంగి, కథలాపూర్‌, కోరుట్ల, వేములవాడ రెండు జిల్లాల్లో ఉన్నా వలస పరంగా ఒకే పట్టీ. మూడోది, జవాబుదారీ కొలమానం మార్చాలి. ఎన్ని కండోమ్‌లు పంచారన్నది కాదు, ఎంతమంది పరీక్షకు వచ్చారు, పాజిటివ్‌ అయినవాళ్లలో ఎంతమంది ఏడాది తర్వాత కూడా మందు వాడుతున్నారు, వైరస్‌ రక్తంలో కనిపించనంతగా ఎంతమందిలో తగ్గింది అన్నది చూడాలి. అలా తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్‌ సోకదు. కాబట్టి ఈ ఒక్క అంకె చికిత్సనూ నివారణనూ కలిపి కొలుస్తుంది. లబ్ధిదారుల కమిటీ సామాజిక తనిఖీ చేస్తే దొంగ లెక్కలకు కళ్లెం పడుతుంది.

నాలుగోది గల్ఫ్‌ గొలుసు. వీసా వైద్య కేంద్రంలో పాజిటివ్‌గా తేలిన వ్యక్తిని ‘అన్‌ఫిట్‌’ కాగితంతో పంపేయకుండా, అతని సమ్మతితో, గోప్యంగా సమీప కౌన్సెలింగ్‌ కేంద్రానికీ సంఘానికీ అనుసంధానించే నిబంధన కేంద్రం తేవాలి. తిప్పి పంపబడ్డవారి కుటుంబ పరీక్షలు, అప్పుల భారం మీద కూడా సాయం అందాలి. ఐదోది చట్టం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రతి రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ను నియమించాలంటోంది. వందమంది ఉన్న సంస్థల్లో, ఇరవై మంది ఉన్న ఆసుపత్రుల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలంటోంది. ఆ అంబుడ్స్‌మన్‌ ఎవరో, ఫోన్‌ నంబరేమిటో ప్రతి ఏఆర్‌టీ కేంద్రం గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. వివక్ష ఎదురైన మనిషి ఒంటరిగా ఫిర్యాదు చేయడు, పక్కన సంఘం నిలబడితేనే చేస్తాడు. పింఛన్లలో వర్గం పేరు బయటికి కనిపించకుండా, డబ్బు కోరుకున్న ఖాతాలో పడేలా చూడటం దీనికి కొనసాగింపే.

2030 నాటికి ఎయిడ్స్‌ను ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేస్తామని దేశం మాటిచ్చింది. తమ స్థితి తెలిసినవారు, చికిత్సలో ఉన్నవారు, వైరస్‌ అదుపులో ఉన్నవారు అన్న మూడు మెట్లలోనూ 95 శాతం చేరాలన్నది లక్ష్యం. అందులో మొదటి ఎనభై, తొంభై శాతాన్ని ఆసుపత్రులు, మందులు, ప్రచారాలు సాధిస్తాయి. చివరి అయిదారు శాతమే ఖరీదైనది, కష్టమైనది, సంఘాలు లేకుండా అసాధ్యమైనది. ఆరోదశ జాతీయ కార్యక్రమ రూపకల్పనలో ఈ సంఘాలను దాతల దయ మీద బతికే దానధర్మంగా కాకుండా ఆరోగ్య వ్యవస్థలో ఒక అంగంగా లెక్కించి, వాటికి బడ్జెట్‌ పద్దు రాయాలి. అలా రాయని ప్రభుత్వం పొదుపు చేసిన డబ్బును మరుసటి దశాబ్దంలో కొత్త కేసులకు ఏఆర్‌టీ మాత్రల కోసం తిరిగి ఖర్చు పెట్టుకోవాల్సి వస్తుంది.